సొమేరా, విమిలా? లె మాన్స్ తొలి తరం ఫ్రెంచ్ డ్రైవర్లలో ఎవరి దారి మేలు?

ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ కార్ల రేసులో 24 గంటల్లో ఎక్కువ దూరం తిరిగిన కారే విజేత. ఆ రేసు పాత విజేతల పట్టిక చూస్తే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోజుల్లో ఇద్దరు ఫ్రెంచ్ డ్రైవర్ల పేర్లు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. రేమండ్ సొమేర్ 1932లో, 1933లో గెలిచాడు. జాన్ పియేర్ విమిల్ 1937లో, 1939లో గెలిచాడు. ఇద్దరి మధ్యా వయసులో ఏడాదిన్నరే తేడా. జర్మన్ ఆక్రమణ కాలంలో ఇద్దరూ ప్రతిఘటన వైపే నిలబడ్డారు. యుద్ధం అయ్యాక మళ్లీ రేసుల్లోకి వచ్చారు. రెండేళ్లు తిరక్కుండా ఒకరి వెనక ఒకరు కారులోనే ప్రాణాలు విడిచారు.

లెక్క రెండు, రెండు. అందుకే ఎవరు గొప్ప అన్న ప్రశ్న వస్తే చాలామంది ‘ఇద్దరూ ఇద్దరే’ అని వదిలేస్తారు. నేను వదలను. ఇద్దరూ గెలిచిన పద్ధతీ ఓడిన పద్ధతీ పక్కపక్కన పెట్టి చూస్తే 24 గంటల రేసంటే ఏమిటో కూడా అర్థమవుతుంది.

వీళ్లిద్దరే ఎందుకని అడగొచ్చు. 1923లో తొలి లె మాన్స్‌ను చెనార్ వాకర్ కారుతో గెలిచిన ఆంద్రే లగాష్, రెనే లెయొనార్ ఉన్నారు. లొరేన్ డీట్రిక్ కార్లతో 1925, 1926లో వరసగా గెలిచిన ఆంద్రే రొసిన్యోల్ ఉన్నాడు. వాళ్లు పునాది వేసినవాళ్లు, అందులో సందేహం లేదు. అయితే 1923 విజేతలు 24 గంటల్లో తిరిగింది 2209 కిలోమీటర్లు. 1939కి వచ్చేసరికి అది 3354 కిలోమీటర్లు దాటింది. ఆ పదహారేళ్లలో కార్ల వేగం, జట్ల పద్ధతి, డ్రైవర్ల మీద పడే భారం అన్నీ మారాయి. ఆ మార్పు మధ్యలో నిలబడ్డవాళ్లు సొమేర్, విమిల్.

సొమేర్ డబ్బున్న ఇంటి బిడ్డ. ఫ్రాన్స్ ఈశాన్య మూల ఆర్డెన్ ప్రాంతంలోని మూజోన్ ఊళ్లో వాళ్లది ఫెల్టు, తివాచీల పరిశ్రమ. తండ్రి రోజర్ సొమేర్ తొలి తరం వైమానికుడు. 1909లో రెండున్నర గంటల దాకా గాల్లో ఉండి రైట్ సోదరుల రికార్డును దాటేసినవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి యంత్రమన్నా వేగమన్నా భయం ఉండకపోవడంలో వింత లేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో, 1931లో, రేసుల్లోకి దిగాడు. ఆ మరుసటేడే సొంత ఆల్ఫా రోమియోతో లె మాన్స్‌కు వచ్చాడు.

విమిల్ పారిస్ కుర్రాడు. తండ్రి పత్రికా రచయిత, కార్ల గురించి రాసేవాడు. విమిల్ 1930లో, ఇరవై రెండేళ్లకే, పో నగరంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి అనే పెద్ద రేసులో బుగాటి కారు నడిపాడు. ఆ తర్వాత కొన్నాళ్లు చిన్నాపెద్దా రేసులు తిరిగి, కొండదారుల్లో పైకి ఎక్కే కార్ల పోటీలు ఆడి, చివరికి మోల్‌షైమ్‌లోని బుగాటి ఫ్యాక్టరీ జట్టులో చేరాడు. సొమేర్ ఎక్కువకాలం తన కారు తనే కొనుక్కుని, తన ఇష్టప్రకారం నడిపిన మనిషి. విమిల్ ఇంజినీర్లు చెప్పింది విని, జట్టు వేసిన ప్రణాళికను అమలు చేసిన మనిషి. మిగిలిన తేడాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ముందు సొమేర్ పక్షాన మాట్లాడతాను. ఎందుకంటే 1932 జూన్‌లో అతను చేసిన పని ఇప్పటికీ నన్ను నిలవనీయదు. అప్పటి నిబంధనల ప్రకారం ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు. సొమేర్ జోడీ లుయిజీ కినెట్టి, పారిస్‌లో స్థిరపడిన ఇటాలియన్, ఆల్ఫా మెకానిజం క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆ వారాంతం కినెట్టికి ఒంట్లో బాగాలేదు. దాంతో 24 గంటల్లో 20 గంటలకు పైగా స్టీరింగ్ సొమేర్ చేతిలోనే ఉండిపోయింది.

ఆ 20 గంటలంటే ఏమిటో కాస్త దగ్గర నుంచి చూడాలి. అది పైకప్పు లేని కారు. ముందు ఎనిమిది సిలిండర్ల సూపర్‌ఛార్జర్ ఇంజిన్ మోత, ముఖం మీద గాలి, దుమ్ము, నూనె తుంపరలు. తల మీద గుడ్డ టోపీ, కళ్లకు గాగుల్స్. గేర్లు ఇప్పటిలా మెత్తగా పడేవి కావు. కింది గేరుకు వచ్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజిన్ వేగం పెంచి, పళ్లకు పళ్లు కలిపి వెయ్యాలి. బ్రేకుల్లో హైడ్రాలిక్ సాయం లేదు, కడ్డీలతో లాగే డ్రమ్ములే, కాలి బలమే బలం. ఆ ఏడు ట్రాకు పొడవు సుమారు పదమూడున్నర కిలోమీటర్లు. అందులో దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు, దాని చివర మ్యుల్సాన్ దగ్గర పదునైన కుడి మలుపు. సగటున ల్యాప్‌కు, అంటే ట్రాకు ఒక చుట్టుకు, ఆరున్నర నిమిషాలు పట్టింది. ఈ లెక్కన సొమేర్ ఒక్కడే ఆ తిన్నని రోడ్డు చివర గరిష్ఠ వేగం నుంచి దాదాపు 180 సార్లు బ్రేకు వేసి, గేర్లు దించి, బండి తిప్పి ఉంటాడు. అందులో చాలాసార్లు చీకట్లో, అప్పటి హెడ్‌లైట్ల వెలుతురులో. ఒక్కసారి లెక్క తప్పినా అక్కడితో ఆఖరు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి జెండా పడేసరికి ఆ కారు 2954 కిలోమీటర్లు తిరిగి, మొదటి స్థానంలో ఉంది.

1933లో అతని జోడీ తాజియో నువొలారి, ఆ కాలపు మహా డ్రైవర్. ఇద్దరూ వేగంలో ఒకరికొకరు తీసిపోరు. కారుకేమో పెట్రోలు ట్యాంకు కారడం మొదలైంది. ట్రాకు పక్కన కార్లను బాగుచేసే పిట్‌లో ఆపిన ప్రతిసారీ ఆ చిల్లును చూయింగ్ గమ్‌తో పూడ్చుకుంటూ నెట్టుకొచ్చారని చెబుతారు. మంచి ఆధిక్యం కరిగిపోయి, ఆఖరి ల్యాపుల్లో అదే కినెట్టి నడుపుతున్న మరో ఆల్ఫాతో ముఖాముఖి పోరు దాకా వచ్చింది. చివరికి నువొలారి, సొమేర్ గెలిచింది సుమారు పది సెకన్ల తేడాతో. 24 గంటలు నడిపాక 400 మీటర్ల తేడా! వాళ్లు తిరిగిన దూరం 3144 కిలోమీటర్లు.

ఇక్కడిదాకా చదివితే సొమేర్‌కే ఓటు వేయాలనిపిస్తుంది. కానీ ఆ తర్వాతి ఏళ్లు చూడండి. 1934లో ముందంజలో ఉండగా తొలి గంటల్లోనే కారుకు మంటలంటుకున్నాయి. 1935లో మళ్లీ జోడీ డ్రైవర్‌కు జబ్బు. మళ్లీ ఒంటరిగా నడిపాడు, మళ్లీ ముందున్నాడు, పెట్రోలు సరఫరా చెడి ఆగిపోయాడు. 1936లో సమ్మెల వల్ల రేసే జరగలేదు. 1937లో రేసు ఇంకా వేడెక్కకముందే కారు చేతులెత్తేసింది. 1939లోనూ చివరిదాకా రాలేదు.

1938 మాత్రం విడిగా చెప్పుకోవాలి. ఆ ఏడు అతని కారు ఆల్ఫా రోమియో 8సి 2900బి. టూరింగ్ సంస్థ గాలికి ఎదురు లేకుండా గుండ్రంగా మలిచిన మూసిన బాడీ. అంత అందమైన రేసు కారు ఆ దశకంలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఇప్పుడు మిలాన్ దగ్గర అరేజేలోని ఆల్ఫా మ్యూజియంలో ఉంది. సొమేర్, క్లెమెంతే బియొండెట్టి దాన్ని నడిపిన తీరుకు మిగతా వాళ్లెవరూ దరిదాపుల్లో లేకుండా పోయారు. రెండో కారు కన్నా 160 కిలోమీటర్లు ముందు! అప్పుడు మహా వేగంలో ఉండగా టైరు పేలింది. బండిని అదుపులో ఉంచి పిట్‌కు తేవడం సొమేర్‌కే చెల్లింది. టైరు మార్చి మళ్లీ పంపారు గానీ, కాసేపటికి ఇంజిన్ వాల్వు పోయింది. 219 ల్యాపుల దగ్గర కథ ముగిసింది. గెలిచిన డెలాహే కారు తిరిగింది 235 ల్యాపులు. అంటే మిగిలిన పదహారు ల్యాపుల్ని ఎంత నెమ్మదిగా తిప్పినా, కారు ఆగకుండా ఉంటే చాలు, సొమేర్‌కు మూడో విజయం ఖాయం.

అన్ని ఓటముల్నీ డ్రైవర్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. వైరు కాలినా, పంపు చెడినా అతనేం చేస్తాడు? 1936లో బెల్జియంలో స్పా 24 గంటల రేసును ఫ్రాంచెస్కో సెవెరితో కలిసి గెలిచినవాడు కూడా ఇతనే, కాబట్టి కారును గట్టెక్కించడం చేతకాదనడానికి లేదు. అయినా లె మాన్స్‌లో ఇన్నిసార్లు ముందుండి ఇన్నిసార్లు ఆగిపోయినవాడు అరుదు. అతనికి ‘సింహహృదయుడు’ అనే పేరుండేది. ఆ పేరు అతని బలాన్ని చెబుతుంది. 24 గంటల రేసులో అతనికి అడ్డొచ్చింది కూడా అదే గుణం.

విమిల్ వైపుకు వస్తే ఇంత నాటకం ఉండదు. అందువల్లే అతని గురించి తక్కువ చెప్పుకుంటారేమో. 1937లో అతని జోడీ రోబేర్ బెన్వా, 1927 సీజన్‌ను ఏలిన అనుభవజ్ఞుడు. కారు బుగాటి 57జి, చక్రాల మీదుగా కూడా కప్పేసిన వెడల్పాటి బాడీ వల్ల అందరూ ‘ట్యాంక్’ అనేవాళ్లు. ఆ ఏడు రేసు మొదట్లోనే మేజోన్ బ్లాంష్ దగ్గర పలు కార్లు ఒకదానికొకటి గుద్దుకుని ఇద్దరు డ్రైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి రోజున కూడా విమిల్, బెన్వా గడియారం తప్పకుండా ల్యాపులు పేర్చుకుంటూ పోయారు. 3287 కిలోమీటర్లు, రెండో కారు ఏడు ల్యాపుల వెనక. లె మాన్స్‌లో 2000 మైళ్లు దాటడం అదే మొదలు.

1939 విజయం నా లెక్కలో ఇంకా పెద్దది. బుగాటి ఒక్క కారునే దించింది. విమిల్‌తో పియేర్ వేరోన్. ముందు లూయీ జెరార్ నడిపే డెలాజ్ కారు దూసుకుపోతుంటే వీళ్లు వెంటపడి ఇంజిన్ చింపుకోలేదు. దూరప్రయాణంలో బండి తోలేవాడు మొదటి మైల్లోనే ఎద్దుల మీద ములుకోల ఆడించడు. రాత్రంతా అందుకోగలిగే దూరంలో ఉన్నారు, అంతే. ఆదివారం డెలాజ్ ఇంజిన్ దమ్ము తగ్గింది. బుగాటి ముందుకొచ్చింది, మూడు ల్యాపుల తేడాతో గెలిచింది. 3354 కిలోమీటర్లు, అప్పటికి అదే రికార్డు. తొందరపడకుండా నడిపినవాళ్ల పేరే ఆ రికార్డు పక్కన ఉండటం గమనించాలి. ఆ గెలుపు బుగాటి ఇంట్లో ఎక్కువ రోజులు నిలవలేదు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 11న, మోల్‌షైమ్ దగ్గర అదే కారును పరీక్షిస్తూ సంస్థ స్థాపకుడు ఎత్తోరె బుగాటి కొడుకు జాన్ చనిపోయాడు. రోడ్డు మీదికి వచ్చిన సైకిల్ మనిషిని తప్పించబోయి చెట్టును గుద్దాడు. ముప్పై ఏళ్లవాడు.

ఒంటరిగా నడపడం గొప్పా, పంచుకుని నడపడం గొప్పా అన్న వాదన ఈ ఇద్దరితో ఆగదు. 1932లో జబ్బుపడ్డ కినెట్టే 1949లో తన జోడీకి ఒంట్లో బాగాలేక ఫెరారీని దాదాపు మొత్తం రేసంతా తనే నడిపి గెలిచాడు. 1950లో లూయీ రోజియే కొడుకుకు ఒకటి రెండు ల్యాపులు మాత్రం ఇచ్చి మిగతాదంతా తనే నడిపి గెలిచాడు. పియేర్ లెవె అనే మరో ఫ్రెంచ్ డ్రైవర్ 1952లో జోడీ సిద్ధంగా ఉన్నా దిగనన్నాడు. పెద్ద ఆధిక్యంతో, ఇంకో గంట ఉందనగా ఇంజిన్ విరిగింది. గెలుపు మెర్సిడెస్‌కు పోయింది. తర్వాతి కాలంలో ఒక్కరే అన్ని గంటలు నడిపే వీల్లేకుండా నిబంధనలు బిగించారు. సొమేర్ 1932లో ఒంటరిగా నడిపింది తప్పనిసరై. కావాలని చేస్తే అదే పని మొండితనం అవుతుంది. ఈ తేడాను మరిచి ఒంటరి డ్రైవర్‌ను ఆకాశానికెత్తడం నాకు నచ్చదు.

సొమేర్, విమిల్ ఒకే కారు పంచుకున్న రోజు కూడా ఉంది. 1936లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రిని పారిస్ దగ్గర మోంత్లేరిలో స్పోర్ట్స్ కార్లకు పెట్టారు. 1000 కిలోమీటర్ల రేసు, దాదాపు ఎనిమిది గంటలు. బుగాటి 57జిలో ఇద్దరూ వంతులవారీగా నడిపి, ఒక్క నిమిషం లోపు తేడాతో గెలిచారు. సొమేర్ దూకుడు, విమిల్ నిలకడ ఒకే కారులో కుదిరితే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది.

యుద్ధకాలం గురించి పోటీ లెక్కలు వేయడం నాకిష్టం లేదు. జరిగింది మాత్రం చెప్పాలి. విమిల్, బెన్వా, గ్రోవర్ విలియమ్స్ ముగ్గురూ బుగాటి డ్రైవర్లే. ముగ్గురూ బ్రిటిష్ రహస్య విభాగంతో కలిసి ఆక్రమిత ఫ్రాన్స్‌లో పనిచేశారు. విలియమ్స్‌నూ బెన్వానూ జర్మన్లు పట్టుకుని నిర్బంధ శిబిరాల్లో చంపేశారు. విమిల్ తప్పించుకున్నాడు. 1945 సెప్టెంబరు 9న పారిస్ బువా ద బూలోన్ పార్కు రోడ్ల మీద యుద్ధానంతర తొలి రేసులు జరిగినప్పుడు వాటిలో ఒకదానికి బెన్వా పేరు పెట్టారు. ప్రధాన రేసులో విమిల్ బుగాటితో మొదట, సొమేర్ టాల్బోతో రెండోవాడిగా వచ్చారు. తన 1937 జోడీ బెన్వా పేరుతో రేసు జరిగిన పార్కులో విమిల్ ఏ మనసుతో నడిపాడో ఊహించడానికి కూడా బరువుగా ఉంటుంది.

మరుసటేడు, 1946 జూన్‌లో, సాన్ క్లూ రేసులో తారుమారైంది. ఆల్ఫా ఫ్యాక్టరీ తన ‘158’ మోడల్ కార్లను పంపింది. ఒకటి విమిల్ చేతిలో. క్లచ్ పోయి ఆగిపోయాడు. సొంతంగా మాసెరాటి నడిపిన సొమేర్ గెలిచాడు. ఎప్పుడూ కారు విరిగే మనిషి గమ్యం చేరాడు, ఎప్పుడూ చేర్చే మనిషి ఆగిపోయాడు. నా వాదనకు ఇది అడ్డమే, దాచను. మరో ఏడాదికి, 1947 అక్టోబరులో, టూరిన్‌లో కొత్తగా పుట్టిన ఫెరారీకి తొలి పెద్ద విజయం తెచ్చిందీ సొమేరే.

అయితే 1947, 1948 విమిల్‌వి. స్విస్, బెల్జియన్, ఫ్రెంచ్, ఇటాలియన్ గ్రాండ్ ప్రిలు ఆల్ఫాతో గెలిచాడు. అప్పట్లో ప్రపంచంలో అతన్ని మించిన డ్రైవర్ లేడని చాలామంది ఒప్పుకున్నారు. 1949 జనవరి 28న బ్యూనస్ ఎయిర్స్ పలెర్మో పార్కులో ప్రాక్టీసులో గోర్దిని కారు పల్టీ కొట్టి చనిపోయాడు. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది 1950 మేలో. పదహారు నెలల తేడాతో అతని పేరు ఆ పట్టికకు ఎక్కకుండా పోయింది. ఈ కాలపు అభిమానులకు అతను తెలియకపోవడానికి ఇదే కారణం. సొమేర్ ఆ తొలి సీజన్‌లో మొనాకోలో నాలుగోవాడిగా వచ్చాడు, ఆగస్టులో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ బీఆర్ఎమ్ కొత్త కారును తొలిసారి నడపబోతే అది స్టార్టు గీత మీదే విరిగింది. రెండు వారాలకు, సెప్టెంబరు 10న, కదూర్ అనే చిన్న ఊరి రేసులో చిన్న కూపర్ కారు స్టీరింగ్ చెడి చనిపోయాడు.

24 గంటల రేసు డ్రైవర్‌గా ఎవరి దారి మేలని అడిగితే నా జవాబు విమిల్. లె మాన్స్ పరీక్షించేది మనిషి ఓపికను ఒక్కదాన్నే కాదు. యంత్రం ఎంత ఓర్చుకోగలదో కనిపెట్టి, అంతవరకే అడగడం కూడా ఆ పరీక్షలో భాగమే. అందులో విమిల్ నెగ్గాడు. విడిగా ఒక్క రేసు ఎంచమంటే మాత్రం 1932 సొమేర్‌ను మించి నాకు ఏదీ లేదు, విమిల్ రెండు విజయాలు కలిపినా సరే.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. విమిల్ వెనక బుగాటి ఫ్యాక్టరీ ఉంది, సొమేర్ చాలాసార్లు సొంత కారుతో వచ్చాడు, పోలిక సమానం కాదు అని. 1934, 1935 విషయంలో ఇది పూర్తిగా నిజం. ఆ రెండు ఓటములూ నేను సొమేర్ ఖాతాలో రాయను. 1938కి ఈ వాదన నిలవదు. అది ఆల్ఫా ఫ్యాక్టరీ తయారుచేసిన కారు, ఆ రోజు ట్రాకు మీద అన్నిటికన్నా మేలైనది, 160 కిలోమీటర్ల ఆధిక్యం చేతిలో ఉంది. అదే స్థితిలో మరుసటేడు వేరోన్, విమిల్ ఉండుంటే ఆదివారం పొద్దున ఎంత నెమ్మదించేవాళ్లో 1939 రేసు నడిచిన తీరే చెబుతోంది.